వెనక సీటు బరువు

సీట్లాయన కారుకి నలభయ్యో ఏడు నిండిన నెలలోనే ఆయన అత్తగారు పెట్టె సర్దుకుని చిన్నకూతురింటికి వెళ్ళిపోయింది. ఈ రెంటికీ ఏమిటయ్యా సంబంధం అని మీరు అడగవచ్చు. సీట్లాయన కూడా ఏ సంబంధమూ లేదనే అనుకున్నాడు. అలా అనుకోబట్టే వ్యవహారం పీకలమీదికి తెచ్చుకున్నాడు.

ఆయనకి వేరే పేరుందేమో గాని దాంతో ఎవరికీ అవసరం పడలేదు. పాత కార్లకి సీట్లు కుడతాడు, అందుకని సీట్లాయన. ఇంటి ముందు గది దుకాణం, వెనక గదులు కాపురం, మధ్యలో గడియ పడని తలుపొకటి. దుకాణంలో రెండు కుట్టుమిషన్లు, ఒకటి ఆయనది, ఒకటి భార్యది. గోడవార తోలు చుట్టలు, స్పాంజి దిమ్మలు, గుడ్డ ఊడదీసిన సీట్ల ఇనప చట్రాలు. ఏ పాత సీటైనా విప్పి లోపల చెయ్యి పెట్టాడంటే ఆ ఇంటి చరిత్రంతా బయటికి లాగేస్తాడు. పిన్నీసులు, పెన్సిలు ముక్కలు, ఎవరిదో సగం కళ్ళజోడు, ఒకసారైతే కట్టుడు పళ్ళ సెట్టు. ఆ పళ్ళు నావి అని చెప్పుకోవడానికి ఆ ఇంట్లో ఒక్కరూ ముందుకు రాలేదు.

ఇక ఆయన సొంత కారు. దాన్ని తయారుచేసిన కంపెనీవాళ్ళే వచ్చి చూసినా "ఇదెవరి కారండీ" అని అడిగి వెళ్ళిపోతారు. ఇంజను ఒక కారుది, గేరుబాక్సు ఇంకో కారుది, స్టీరింగు చక్రం పాత పడవది, వైపర్లు బస్సువి. ఆ వైపర్లు వేస్తే అద్దం తుడిచి, పక్కన నడిచేవాడి భుజం కూడా తుడిచి వస్తాయి. ఎత్తు తగ్గించాడు, పొగగొట్టం మార్చాడు, లైట్లు మార్చాడు. ఆ ఇంట్లో ఇంకా మార్చనిది పెళ్ళాన్నొక్కదాన్నే అని చుట్టుపక్కలవాళ్ళు వెక్కిరించేవారు. లోపల సీట్లు చూస్తే మాత్రం వెక్కిరించే నోళ్ళు మూతపడేవి. ముదురు ఎరుపు తోలు, తేనెరంగు దారం, అంగుళానికి ఏడు కుట్లు, ఒక్కటి వంకర ఉండదు. దుకాణానికి బోర్డు లేదు. వాకిట్లో నిలిపిన ఆ కారే బోర్డు. దారినపోయేవాళ్ళు అద్దానికి ముక్కు ఆనించి లోపలికి చూసేవారు, చూసినవాళ్ళలో సగంమంది మర్నాడు తమ డొక్కు కారు తోలుకుని వచ్చేవారు. ఆ కారు లేకపోతే దుకాణం లేదు. దుకాణం మాట అటుంచండి, ఆ కారు లేకపోతే సీట్లాయనే లేడు. పద్నాలుగేళ్ళు దానికింద వెల్లకిలా పడుకున్న మనిషి మరి.

అటువంటి కారుకి రవాణా ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. నలభై ఏళ్ళు నిండిన బండ్లన్నీ ఫిట్‌నెస్ పరీక్షకు రావాలి. మొదటిసారి తప్పితే నెలరోజుల్లో ఇంకొక్క అవకాశం ఇస్తారు. రెండోసారీ తప్పితే నంబరు రద్దు, బండిని నుజ్జు మిషనుకి అప్పగించాలి. సీట్లాయన ఆ కాగితం నాలుగుసార్లు చదివాడు.

అత్తగారి సంగతి చెప్పకుండా ముందుకి వెళితే నాకే నిద్ర పట్టదు. ఆవిడ ఈ ఇంటికి వచ్చి ఆరేళ్ళయింది. వచ్చిననాటి నుంచీ కారు వెనక సీట్లో ఎడమవైపు ఆవిడది. ఎక్కడికి బయలుదేరినా అరగంట ముందే వెళ్ళి కూర్చునేది. కూర్చున్నాక మధ్యలో దించడం ఎవరి తరమూ కాదు. "ఎక్కడం ఒకసారి, దిగడం ఒకసారి. నా మోకాళ్ళతో నాకు అంతే ఒప్పందం," అనేది. ఒళ్ళో చేతిసంచి, కుడిచెయ్యి ముందు సీటు వీపు మీద, తల రెండు సీట్ల మధ్యలోంచి ముందుకి. ఇక మొదలయ్యేది.

"బాబూ, లారీ."

"చూశానండి అత్తయ్యగారూ."

"మీరు చూశారు సరే. వాడు మిమ్మల్ని చూశాడా?"

మలుపుకి ముందు మలుపు గురించి చెప్పేది, మలుపు తిరిగాక తిరిగిన తీరు గురించి చెప్పేది. ఎదురుగా ఎవడైనా సైకిలు తొక్కుకుంటూ వస్తే వాడి తరఫున ఈవిడే కాలు బిగబట్టి బ్రేకు వేసేది. ఆరేళ్ళలో ఆ కారుని ఒక్క మంచిమాట అన్న పాపాన పోలేదు. "ఊగుతోంది బాబూ." "ఏదో వాసనొస్తోంది." "వెనక ఏదో టకటకమంటోంది." చిత్రమేమిటంటే వాసనొస్తోందని ఆవిడ అంటే నిజంగానే ఏదో కాలుతూ ఉండేది, టకటకమంటోందంటే నిజంగానే ఏదో ఊడి వేలాడుతూ ఉండేది. సీట్లాయనకి ఒళ్ళు మండేది అందుకే. తప్పు చెప్తే నవ్వుకుని ఊరుకోవచ్చు, రైటు చెప్పేవాళ్ళని ఎంతకని భరిస్తాం?

కాగితం వచ్చిన సాయంత్రం సీట్లాయన దుకాణంలో నిలబడి ఫోను మాట్లాడుతున్నాడు. అవతల ఉన్నది పాతకార్ల సంఘంలో ఆయన ప్రాణస్నేహితుడు, అందరూ కార్బురేటర్ మామ అనే పెద్దమనిషి. కారు డిక్కీలో ఒకప్పుడు ముచ్చటపడి బిగించిన స్పీకర్ల పెట్టె ఉంది. చెక్కది, ఇద్దరు పట్టుకుంటేగాని కదలదు. పరీక్షకి ముందు దాన్ని పీకేయాలని ఆయన ఆలోచన.

"వెనకాల బరువు ఎక్కువైపోయింది మామా," అంటున్నాడు. "ఆరేళ్ళుగా మోస్తున్నా. పాతదైపోయింది. శబ్దం తప్ప ఉపయోగం లేదు. ఈ నెలాఖరుకి ఎలాగైనా దించేసుకుంటా. ఎవరైనా పట్టుకెళ్తానంటే ఊరికే ఇచ్చేస్తా."

గడియ పడని తలుపు అవతల అత్తగారు టీ గ్లాసుతో నిలబడి ఉంది. అల్లుడి కోసం కలిపి తెచ్చిన టీ అది. ఆవిడ అడుగు వెనక్కి వేసి, ఆ టీ తనే తాగేసి, గ్లాసు కడిగి బోర్లించింది.

మర్నాడు పొద్దున్నకి పెట్టె సర్దుకుని ముందుగదిలో కూర్చుంది. చిన్నదాన్ని చూసి చాలా రోజులైందంది. చిన్నల్లుడు తన కొత్తకారులో వచ్చి తీసుకెళ్ళాడు. "అప్పుడే ఏం తొందరండీ," అన్నాడు సీట్లాయన మర్యాదకి. ముఖంలో మర్యాద ఉందిగాని గొంతులో సంతోషం దాగలేదు. ఆ పూట స్నానాలగదిలో గొంతెత్తి రెండు పాటలు పాడాడు. ఆయన పాడతాడని భార్యకే ఆరోజు తెలిసింది.

మూడోరోజున స్పీకర్ల పెట్టె పీకి పక్కన పడేసి, ఒంటరిగా కారు తీశాడు. వెనకనుంచి ఒక్కమాట లేదు. లారీ వచ్చింది, వెళ్ళింది, దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఇంతకన్నా ఏం కావాలి మనిషికి అనుకుంటూ వీధి చివర మలుపు తిప్పాడు. కారు తిరిగింది. తిరిగి ఊరుకోక ఇంకా తిరిగింది. చివరికి క్షౌరశాల మెట్టు మీదికి ఒక చక్రం ఎక్కించి ఆగింది. లోపల గడ్డం చేయించుకుంటున్నాయన అద్దంలో ఆ దృశ్యం చూసి సగం నురగతోనే బయటికి వచ్చేశాడు.

సీట్లాయన దిగి చూస్తే కారు ఎడమవైపు వెనకభాగం పైకి లేచి ఉంది. స్తంభం దగ్గర కాలెత్తిన కుక్కలా నిలబడి ఉంది కారు.

పెట్టె తీసేసినందుకు అలిగింది కాబోలనుకుని పెట్టె మళ్ళీ ఎక్కించాడు. కాలు దించలేదు. పెట్టె మళ్ళీ పీకేసి, నాలుగు స్ప్రింగులూ విప్పి, కడిగి, తుడిచి బిగించాడు. దించలేదు. అటు టైర్లు ఇటూ ఇటు టైర్లు అటూ మార్చాడు. దించలేదు. బతిమాలాడు కూడాను, ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకున్నాకే అనుకోండి. తల ప్రాణం తోకకొచ్చింది గాని కారు కాలు మాత్రం నేలకి రాలేదు. ఈలోపు పరీక్ష తేదీ వచ్చి కూర్చుంది.

పరీక్ష పెట్టే చోటు పెద్ద మైదానం. మధ్యలో పొడుగ్గా ఒక తెల్లగీత, చివర లైట్లు వేసి చూడటానికి ఒక గోడ, పక్కనే నుజ్జు మిషను. దూరం మోసే శ్రమ ఎందుకని అక్కడే పెట్టి ఉంటారు. ఇన్‌స్పెక్టరు సన్నగా, పొడుగ్గా, నవ్వమని కాగితం మీద ఉత్తర్వు వస్తేగాని నవ్వేట్టు లేని మనిషి. ముందు సీట్లో పక్కన కూర్చుని, "గీత మీద పోనివ్వండి," అన్నాడు.

సీట్లాయన గీత మీదే పోనిచ్చాడు. కారు గీత వదిలేసి కుడివైపుకి లాగింది. కుడివైపు ఉన్నది నుజ్జు మిషను. తప్పించి మళ్ళీ గీత మీదికి తెస్తే మళ్ళీ అటే వెళ్ళింది. ఇన్‌స్పెక్టరు దిగి గోడ దగ్గర నిలబడి లైట్లు వేయమంటే వేశాడు. గోడ మీద పడాల్సిన వెలుగు పోయి ఇన్‌స్పెక్టరు బూట్ల మీద పడింది.

"బూట్లు బాగా కనిపిస్తున్నాయి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "రోడ్డు కనిపించాలి." కాగితం మీద 'తప్పినది' అని ముద్ర గుద్ది ఇచ్చాడు.

ఇక సీట్లాయన పరువు పక్కనపెట్టి, చక్రాలు సరిచేసే పెద్దాయన దగ్గరికి వెళ్ళాడు. సొంత కారుని ఇంకొకరి చేతిలో పెట్టడం ఆయనకి అదే మొదలు. పెద్దాయన కిందికి దూరి చాలాసేపు రాలేదు. నిద్రపోయాడేమో అని సీట్లాయన వంగి చూశాడు కూడా. చివరికి పెద్దాయన చేతులు తుడుచుకుంటూ లేచి, వింత ప్రశ్న ఒకటి వేశాడు.

"దీని ఎత్తు తగ్గించింది ఎవరు?"

"నేనే."

"తగ్గించినప్పుడు లోపల ఎవరు కూర్చున్నారు?"

ఇదేం పిచ్చి ప్రశ్న అనబోయి సీట్లాయన నాలుక కరుచుకున్నాడు. కూర్చున్నారు. ఆరోజు అత్తగారిని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఆవిడ అలవాటుగా అరగంట ముందే ఎక్కి కూర్చుంది. ఈలోపు ఒక్క స్ప్రింగు చూద్దామని ఈయన జాకీ పెట్టాడు. ఒకటి రెండయింది, రెండు నాలుగయ్యాయి. దిగమంటే దిగలేదు. జాకీ మీద పైకి లేస్తూ, కిందికి దిగుతూ, పేపరు చదువుకుంటూ, "ఈ ఎత్తులో గాలి బాగుంది బాబూ," అంటూ నాలుగ్గంటలు లోపలే ఉంది. టేపు పెట్టి నాలుగు మూలలూ సమానంగా వచ్చేదాకా ఆయన స్ప్రింగులు కోస్తూనే ఉన్నాడు. సమానంగా వచ్చాయి, ఆవిడ లోపలుండగా. ఆ తర్వాత ఆరేళ్ళలో ఆవిడ లేకుండా ఆ కారు వీధి దాటిందే లేదు.

"ఆ మనిషి బరువుకి అలవాటుపడి చట్రమే అటు సర్దుకుంది," అన్నాడు పెద్దాయన. "ఇప్పుడు స్ప్రింగు కోసినా లాభం లేదు. చట్రం మార్చాలి, ఈ మోడలుకి చట్రం ఎక్కడా దొరకదు. బండికి జబ్బేం లేదు బాబూ. బెంగ పెట్టుకుంది."

సీట్లాయన ఇంటికొచ్చి ఈ మాట చెబితే భార్య కుట్టుమిషను ఆపలేదు. ఇసక మూటలు పెడతానంటే మాత్రం పరీక్ష కాగితం తీసి చదివింది. 'వాహనంలో సామాను ఉండరాదు' అని స్పష్టంగా ఉంది.

"మనుషులు ఉండకూడదని మాత్రం ఎక్కడా లేదు," అంది ఆవిడ.

అంతే, ఆ వారమంతా మనుషుల్ని ఎక్కించి దించడమే ఆయన పని. భార్య ఎక్కితే కారు కాలు సగమే దిగింది. "పరీక్ష నాటికి ఎంత తిన్నా సరిపోను," అందావిడ. కార్బురేటర్ మామని ఎక్కిస్తే కాలు పూర్తిగా దిగింది. దిగిందిగాని మామ మెత్తటి సీటు దొరికిన రెండు నిమిషాలకే కిటికీకి చేరబడి నిద్రపోతాడు, ఆయనతోపాటు కారూ అటే ఒరుగుతుంది. సంగీతం నేర్పే పక్కింటావిడ బరువు చాలక హార్మోనియం ఒళ్ళో పెట్టుకుంది. అది సామాను కిందికే వస్తుంది కదా. పైపెచ్చు దారంతా వాయించింది. అందరిలోనూ సమస్య ఒకటే. ఎంత బరువు కావాలో తెలిస్తే కదా అంత మనిషిని వెతకడం. అత్తగారి బరువెంతో ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. ఆస్పత్రిలో బరువు చూసే మిషనెక్కినా నర్సుని కళ్ళు మూసుకోమనేది.

చేసేది లేక సీట్లాయన ఆవిడకే ఫోను చేశాడు.

"అత్తయ్యగారూ, బాగున్నారా?"

"బాగున్నాను బాబూ."

ఆరేళ్ళలో ఆవిడ ఇంత పొట్టిగా జవాబు చెప్పడం ఆయన ఎన్నడూ వినలేదు. విని ఆగి ఆలోచించాల్సింది. ఆగలేదు మహానుభావుడు.

"ఒక చిన్న సంగతండీ. మీ బరువెంతో చెప్తారా?"

ఆవిడ నెమ్మదిగా అంది: "ఆరేళ్ళు మోసింది మీరు కదా బాబూ. మీకే తెలియాలి." ఫోను పెట్టేసింది.

సీట్లాయన ఆ ఫోను వంక తెల్లబోయి చూస్తూ నిలబడ్డాడు. అప్పటికి భార్య మిషను ఆపింది.

"ఆరోజు మీరు కార్బురేటర్ మామతో అన్న మాటలన్నీ అమ్మ విన్నది," అంది. "వెనకాల బరువు. శబ్దం తప్ప ఉపయోగం లేదు. ఎవరైనా పట్టుకెళ్తే ఊరికే ఇచ్చేస్తా."

సీట్లాయనకి ఒక్కొక్క మాటే లోపలికి దిగింది. దిగిన కొద్దీ ఆయన స్టూలు మీదికి జారాడు. "నేనన్నది స్పీకర్ల పెట్టె గురించే."

"నాకు తెలుసు. అదే చెప్పాను. మొగుణ్ణి వెనకేసుకొస్తున్నావులే అంది."

"మరి నాతోనైనా ఒక ముక్క అనాలిగా."

"అందామనే వచ్చాను. మీరు స్నానాలగదిలో పాడుతున్నారు. రెండో పాట కూడా ఎత్తుకున్నారు. ఆవిడ ఎందుకెళ్ళిందని ఎన్నాళ్ళకి అడుగుతారో చూద్దామని ఊరుకున్నాను. ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు."

సీట్లాయన తల వంచుకుని చెయ్యి ఆనిన చోటల్లా దారం ముక్కలు ఏరుకుంటూ కూర్చున్నాడు. ఆయనకి సిగ్గేసింది. కారు పోతుందన్న భయం పోలేదు, దాని పక్కనే ఈ సిగ్గు కూడా వచ్చి కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే స్పీకర్ల పెట్టెని డిక్కీలో పెట్టుకుని, కాలెత్తిన కారులోనే తోడల్లుడింటికి బయలుదేరాడు. మూడు గంటల దారి. కుడివైపుకి లాగే కారుని ఎడమవైపుకి లాగీ లాగీ భుజాలు పడిపోయాయి. వెనక్కి తిరిగి చూస్తే ఎడమవైపు సీటు తోలు మీద ఆవిడ కూర్చుని కూర్చుని పడిన రెండు గుంటలు కనిపించాయి. ఆయన కుట్టిన సీట్లలో గుంట పడితే ఆయనకి గిట్టదు. ఆరోజు మాత్రం ఎందుకో ఆ గుంటల్ని మళ్ళీ మళ్ళీ చూశాడు.

తోడల్లుడి వాకిట్లో కొత్తకారు తళతళలాడుతోంది. "రండి అన్నగారూ," అంటూ ఎదురొచ్చాడు తోడల్లుడు. "మాది అన్నీ తనే చెప్తుంది. ముందు బండి ఉందంటే చెప్తుంది, మలుపుంటే చెప్తుంది, పెట్టుకోకపోతే బెల్టు పెట్టుకోమని కూడా చెప్తుంది. వెనక కూర్చున్నవాళ్ళు హాయిగా నిద్రపోవడమే."

అత్తగారు హాల్లో సోఫా చివర, ఒళ్ళో చేతిసంచి పెట్టుకుని కూర్చుని ఉంది. ఎవరో ఇప్పుడే పిలుస్తామన్నట్టు కూర్చుంది. ఇరవై మూడు రోజుల్లోనే మనిషి కొంచెం చిక్కినట్టనిపించింది. సీట్లాయన గుండె గుభేలుమంది. అందులో బరువు తగ్గిందేమోనన్న భయం కొంత ఉందని ఒప్పుకోవాలి.

ఆయన మళ్ళీ బయటికి వెళ్ళి, తోడల్లుడి సాయంతో స్పీకర్ల పెట్టె మోసుకొచ్చి హాలు మధ్యలో దించాడు.

"ఇదండీ అత్తయ్యగారూ, నేను దించేస్తానన్న బరువు."

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని పెట్టెని అటూ ఇటూ చూసింది. "పాతదే."

"పాతదేనండి."

"శబ్దం చేస్తుందా?"

"అది తప్ప ఇంకేం చెయ్యదండి."

"ఎవరైనా పట్టుకెళ్తే ఊరికే ఇచ్చేస్తానన్నారు."

"ఇచ్చేస్తానండి."

"నాకిస్తారా అన్నగారూ?" అన్నాడు తోడల్లుడు వెనకనుంచి. ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు.

అత్తగారు కళ్ళజోడు తీసి మడిచింది. "అయితే నా బరువెందుకడిగారు?"

చెప్పాడు. కారు కాలెత్తడం, క్షౌరశాల మెట్టు, ఇన్‌స్పెక్టరు బూట్లు, నుజ్జు మిషను, మామ నిద్ర, హార్మోనియం, చట్రం బెంగ, ఏదీ దాచకుండా చెప్పాడు. ఎల్లుండే రెండో పరీక్షని, అదే ఆఖరిదని కూడా చెప్పాడు.

అంతా విని ఆవిడ, "అంటే మీరు నా కోసం రాలేదు. బరువు కోసం వచ్చారు," అంది.

నాలుగు మాటలు నేర్చినవాడైతే ఇక్కడ ఒక అబద్ధం ఆడి గట్టెక్కేవాడు. సీట్లాయనకి సూదితో తప్ప నోటితో పని రాదు.

"బరువు కోసమే బయలుదేరానండి," అన్నాడు. "దారిలో మూడు లారీలు వచ్చాయి. మూడుసార్లూ నాకు నేనే 'బాబూ, లారీ' అని చెప్పుకున్నాను. మీరు చెప్పినట్టు కుదరలేదు. మూడోదాని తర్వాత కాసేపు కారు పక్కకి ఆపుకుని కూర్చున్నానండి."

అత్తగారు కిటికీలోంచి వాకిట్లో కాలెత్తుకుని నిలబడ్డ ఎర్రసీట్ల కారుని చూసింది. తళతళలాడే కొత్తదాన్ని కూడా చూసింది.

"ఆ కారులో నాకేం పని లేదు బాబూ," అంది. "నోరు తెరిచేలోపే అదే చెప్పేస్తుంది. పెట్టె ఆ గదిలో ఉంది, పట్టుకురండి. సర్దడమేం అక్కర్లేదు. నేను విప్పలేదు."

తిరుగు ప్రయాణంలో కారు నాలుగు కాళ్ళ మీదా నడిచింది. వెనకనుంచి మూడు గంటలూ ఆగకుండా మాటలు వినిపించాయి. "ఊగుతోంది బాబూ," అని మొదటిసారి వినిపించగానే సీట్లాయనకి కళ్ళు తిరిగినంత పనైంది, సంతోషానికి.

రెండో పరీక్ష రోజున ఇన్‌స్పెక్టరు అదే బూట్లు వేసుకుని వచ్చాడు. వెనక సీట్లోకి తొంగిచూశాడు.

"వెనక ఎవరు?"

"మా అత్తగారండి."

"దిగమనండి."

సీట్లాయన నోరు తెరిచేలోపు తల రెండు సీట్ల మధ్యలోంచి ముందుకి వచ్చింది. "బాబూ, కాగితంలో సామాను దించమని ఉంది. నేను మీకు సామానులా కనిపిస్తున్నానా?"

ఇన్‌స్పెక్టరు కాగితం తిప్పి చూశాడు, వెనక వైపూ చూశాడు. మనుషుల గురించి ఏమీ లేదు. కాగితంలో లేనిది ఎలా చెప్పాలో ఆయనకి తెలియదు. ముందు సీట్లో కూర్చున్నాడు.

గీత మీద కారు గీతలాగే వెళ్ళింది. నుజ్జు మిషను వంక కన్నెత్తి చూడలేదు. లైట్లు గోడ మీద సరిగ్గా గుర్తు ఉన్నచోటే పడ్డాయి. "బాబూ, మీ పెన్ను మూత సీటు కిందకి దొర్లింది," అని వెనకనుంచి వినిపిస్తే ఇన్‌స్పెక్టరు వంగి తీసుకున్నాడు. టేపు పెట్టి నాలుగు మూలలూ కొలిచాడు. నాలుగూ ఒకటే. ఆయన ముఖంలో అనుమానం మొదలైంది. పోయినసారి తన చేత్తోనే తప్పించిన బండి ఇది.

"ఏం మార్చారు?" అన్నాడు.

నిజం చెబితే కారు పోతుంది. అబద్ధం సీట్లాయనకి చేతకాదు. స్టీరింగు వంకే చూస్తూ కూర్చున్నాడు.

వెనక డోరు తెరుచుకుంది. అత్తగారు ముందు చేతిసంచి బయటపెట్టి, తర్వాత ఒక కాలు, తర్వాత ఇంకో కాలు పెట్టి, డోరు పట్టుకుని మూలుగుతూ దిగింది. కారు మెల్లగా కాలెత్తింది. ఇన్‌స్పెక్టరు కొలిచాడు. ఆవిడ మళ్ళీ ఎక్కింది. కారు కాలు దించింది. కొలిచాడు. తన కళ్ళని తను నమ్మక, "ఇంకొక్కసారి," అన్నాడు. ఆవిడ ఇంకొక్కసారి కూడా దిగి ఎక్కింది. సీట్లాయన చెయ్యి అందివ్వబోతే "మీరు స్టీరింగు పట్టుకోండి బాబూ" అంది. నుదుటిమీద చెమట తుడుచుకుంటూ సీట్లో కూర్చున్నాక, "ఇంకేమైనా చూడాలా?" అని ఇన్‌స్పెక్టర్నే అడిగింది.

ఇన్‌స్పెక్టరు కారు బానెట్ మీద కాగితం పెట్టి చాలాసేపు రాశాడు. అందులో 'యజమాని చేసిన మార్పులు' అని ఒక పట్టిక ఉంది. ఇంజను, గేరుబాక్సు, స్టీరింగు, వైపర్లు, అన్నీ వరసగా నింపుకుంటూ వచ్చాడు. చివరి గడి దగ్గర ఆగాడు, పెన్ను మూత నమిలాడు, నింపాడు. ముద్ర గుద్దాడు. నియమం ప్రకారం యజమానికి పైకి చదివి వినిపించాలి కాబట్టి ఏ భావమూ లేని గొంతుతో చదివాడు.

"వెనక సీటు, ఎడమవైపు: అత్తగారు. బండిలో భాగం. ఆమె లేనిదే బండి నడపరాదు. బండి పాసైనది."

సీట్లాయన తల స్టీరింగు మీద ఆనించేశాడు. కారు దక్కింది. ఏడుపొచ్చినట్టూ ఉంది, నవ్వొచ్చినట్టూ ఉంది.

"ఏదీ, ఇటివ్వండి," అంది అత్తగారు.

కళ్ళజోడు పెట్టుకుని ఆ ఒక్క గడినే చదివింది. పెదవులు కదుపుతూ మళ్ళీ చదివింది.

"బండిలో భాగం అని రాశారు."

"రాయాలండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "లేకపోతే చెల్లదు."

"ముద్ర పడిందా?"

"పడింది."

ఆవిడ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చేతిసంచిలో అడుగుకంటా పెట్టి, జిప్పు వేసింది. కాసేపు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆరేళ్ళలో ఆవిడ అంతసేపు మాట్లాడకుండా కూర్చోవడం సీట్లాయన అద్దంలో చూడటం అదే మొదలు.

"అత్తయ్యగారూ," అన్నాడు నెమ్మదిగా. "ఆ కాగితం ఎప్పుడూ బండిలోనే ఉండాలండి. ఎవరైనా ఆపి అడిగితే చూపించాలి."

"నేను బండిలోనే ఉంటాగా బాబూ," అంది ఆవిడ.